మూడో వేలు

"మాస్టారూ, తొందరపెట్టేకొద్దీ పని వేగం పెరగాలి కదా. తగ్గుతోందేమిటి?" అని ప్రద్యుమ్న అడిగాడు. ఏకాంబరం మాస్టారికి ఒక అలవాటుంది. ఎంతటి ప్రశ్న అయినా సరే, చేతిలోని టీ పూర్తయ్యేదాకా జవాబు చెప్పరు. ఆ టీ కూడా చల్లారితే గాని తాగరు. ప్రద్యుమ్నలాంటి శిష్యుడికి అంతకన్నా పెద్ద శిక్ష ఉండదు.

గవర్నర్‌పేటలో ఒక మేడమీద కంప్యూటర్ తెరమీది బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డులు బాగుచేసే దుకాణం ఆయనది. కార్డులోని మెమరీని ఏదైనా అడిగితే అది తక్షణం ఇవ్వలేదు. వెతికి తీయడానికి దానికి కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధుల అంకెలనే టైమింగ్స్ అంటారు. ఒడుపు తెలిసి వాటిని కుదిస్తే కార్డు చురుగ్గా పనిచేస్తుంది. ఈ విద్య అంటే ప్రద్యుమ్నకు వల్లమాలిన మోజు. కూర్చున్నా వాడి కాలు ఊగుతూనే ఉంటుంది. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే వాడి జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ ఉదయం బల్లమీది కార్డుకు ఒక అంకె తగ్గించాడు, పరీక్షలో వేగం పెరిగింది. మళ్లీ తగ్గించాడు, ఇంకా పెరిగింది. ఇంకొంచెం తగ్గించేసరికి కార్డు ఆగిపోనూ లేదు, తెర చెదరనూ లేదు, వేగం మాత్రం పడిపోయింది. అప్పటినుంచి వాడికి కాలు నిలవడం లేదు.

మాస్టారు టీ చల్లారడం కోసం చూస్తూండగా వకుళగారు మెట్లెక్కి వచ్చారు. ఆవిడ వినికిడి లేని పిల్లల బడిలో టీచరు. సైగల పాఠాలను బొమ్మల సినిమాలుగా తయారుచేస్తారు. మొన్న కార్డును దుమ్ము దులపమని తెస్తే, ప్రద్యుమ్న దానికీ టైమింగ్స్ కుదించి పంపాడు. ఇప్పుడావిడ కంప్యూటర్ పెట్టెనే మోసుకొచ్చారు.

"బాబూ, మొన్న నువ్విచ్చిన..."

"వేగం చాల్లేదా మేడం? ఇంకాస్త కుదిస్తాను."

"అది కాదు, బొమ్మల్లో..."

"వేడెక్కుతోందా? ఫ్యాన్ మార్చేద్దాం," అంటూ వాడు అప్పటికే స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

ఈ కథ చెబుతున్న నాకే ఇక్కడ ఒళ్లు మండుతుంది. ఆవిడ మాత్రం పెట్టెను తెరకు కలిపి, పాఠం నడిపించి, చూడమని చేత్తో చూపారు. తెరమీద ఒక బొమ్మపిల్ల అంకెలు నేర్పుతోంది. ఒకటికి ఒక వేలు చూపింది, రెండుకు రెండు. మూడు దగ్గర కూడా రెండు వేళ్లే ఉన్నాయి. మూడోది ఉండాల్సిన చోట రంగురంగుల చుక్కలు అలుక్కుపోయి ఉన్నాయి.

"మా పిల్లలకు ఈ వేళ్లే మాట," అన్నారు వకుళగారు. "సోమవారం ఈ పాఠమే చెప్పాలి. ఇది చూస్తే మూడును రెండని నేర్చుకుంటారు. నాకు వేగం అక్కర్లేదు, ఎంతసేపు పట్టినా సరే, బొమ్మలో తప్పు రాకపోతే చాలని మొన్ననే చెప్పబోయాను. ఈలోపే నువ్వు అర్థమైంది మేడం అన్నావు."

ప్రద్యుమ్న కాలు ఊగడం ఆగింది. కార్డు కొన్నప్పుడు ఏ అంకెలున్నాయో వాటినే తిరిగి పెట్టి, పాఠంలోని బొమ్మల్ని అక్కడే మళ్లీ గీయించడం మొదలుపెట్టాడు. పని మెల్లగా సాగింది. ఆ సేపంతా వాడు కూర్చున్నాడు, లేచాడు, కిటికీదాకా వెళ్లొచ్చాడు. ఒకసారి చెయ్యి దానంతటదే ఆ అంకెల మీదికి పోతే వెనక్కి లాక్కున్నాడు. మధ్యాహ్నం దాటాక బొమ్మపిల్ల మూడో వేలు ఎత్తింది. వకుళగారు దాన్ని రెండుసార్లు చూసుకుని, పెట్టె తీసుకుని వెళ్లిపోయారు.

"మాస్టారూ, పొద్దున నేనడిగింది..." అన్నాడు ప్రద్యుమ్న. వాడు ఇంకేమైనా అంటాడేమోనని మాస్టారు కాసేపు చూశారు. తర్వాత ఖాళీ గ్లాసు బల్లమీద పెట్టారు.

"వ్యవధి చాలకపోతే మెమరీ తప్పుగా ఇస్తుంది, కార్డు మళ్లీ అడగాల్సి వస్తుంది. మొన్న ఆవిడ చెప్పబోయిన మాట నీకు ఇవాళ చేరింది. నువ్వు మాత్రం ఎక్కడా ఆలస్యం చెయ్యలేదు."