తనంతట తానే దిద్దుకున్న పాఠం

నల్లగుట్ట అడవి బడిలో జంబుకయ్య అనే నక్క ఇరవై ఏళ్లుగా మాస్టారు. తనకు తెలియనిది లేదన్న పేరు అతనికి అన్నం కంటే ముఖ్యం.

చుట్టుపక్కల అడవుల మాస్టార్లంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. వెబ్‌లో పాఠాల పేజీలు చేయడం ఒకరికొకరు నేర్పుకోవాలని. అదే బడిలో పనిచేసే బసవయ్య అనే ఎద్దు మాస్టారు అందులో రోజుకు నాలుగు సందేహాలు అడిగేవాడు. పెట్టిన బొమ్మ తలకిందులైతే ఏం చేయాలో కూడా అడిగాడు. పక్క అడవి కొంగ టీచరమ్మ ఓపిగ్గా చెప్పేది. జంబుకయ్య మాత్రం ఎవరేం పెట్టినా ఒక దణ్ణం బొమ్మ పడేసి ఊరుకునేవాడు.

"ఏం బసవయ్యగారూ, పిల్లల కంటే మీ ప్రశ్నలే ఎక్కువయ్యాయే," అని దెప్పేవాడు.

"రానిది అడగాలి కదండీ," అని ఎద్దు నెమరు వేసుకునేది.

ఇంతలో ఏనుగు ఇన్‌స్పెక్టరుగారి నుంచి కబురొచ్చింది. మంచి పేజీ చేసినవారిని పది బడులకు శిక్షకుడిగా వేస్తారట. ఆ కుర్చీ ఎద్దుకు పోతే తన పరువేం కావాలి? జంబుకయ్యకు పేజీ చేయడం రాదు. గ్రూపులో అడిగితే చులకనైపోతాడు. బసవయ్యకు పాఠం మీద పేరు వేసుకునే అలవాటు లేదు. అందుకని ఆ ఎద్దు గ్రూపులో పెట్టిన వాన పాఠం లింకు తీసి, తన పాఠమని రాసి జంబుకయ్య ఇన్‌స్పెక్టరుగారికి పంపేశాడు. లింకు పంపితే పాఠం తనదైపోయిందనే అనుకున్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, పిల్లల ముందు పాఠాన్ని ప్రొజెక్టరుతో గోడ మీద వేయించారు. సరిగ్గా అప్పుడే కొంగ టీచరమ్మ గ్రూపులో చూపించిన తప్పును బసవయ్య పక్క గదిలో కూర్చుని అదే పేజీలో దిద్దుతున్నాడు. గోడ మీద ఒక వాక్యం చెరిగిపోయింది. దాని చోట ఒక్కో అక్షరమే పుట్టుకొచ్చింది.

"జంబుకయ్యా, నువ్వు నా పక్కనే ఉన్నావు. మరి అక్కడ రాస్తున్నదెవరు?" అని ఇన్‌స్పెక్టరుగారు అడిగారు.

నక్క గొంతు సవరించుకుంది. "కొత్త టెక్నాలజీ అండీ. పాఠం తన తప్పు తనే దిద్దుకుంటుంది."

అంతలో పాఠం కింద ఇంకో వరుస పడింది: "టీచరమ్మా, దిద్దాను. ఇప్పుడు సరిపోయిందా?"

"నీ పాఠం కూడా అడిగి నేర్చుకుంటోందే," అని ఏనుగు చెవులు విసురుకుంటూ, మీటల టకటక వినిపిస్తున్న పక్క గదికి నడిచింది.

శిక్షకుడి కుర్చీ బసవయ్యకు వచ్చింది. శిక్షణకు రావలసినవారి జాబితాలో మొదటి పేరు జంబుకయ్యది.

అడిగి నేర్చుకోవడానికి సిగ్గుపడేవాడు చివరికి నిజంగా సిగ్గుపడాల్సిన పనే చేస్తాడు.