బురుజు మీది నగారా

వెనకటి రోజుల్లో ఆ కోటలో పొద్దు ఓబులేసు నగారాతోనే పొడిచేది. ఆ మోత వినపడితే గాని, రాజుగారికైనా సరే, కోట తలుపులు తెరిచేవాళ్ళు కారు. వయసులో బురుజు మెట్లు పరుగున ఎక్కిన ఓబులేసు, యుద్ధంలో కాలు పోయాక పాక్కుంటూ ఎక్కేవాడు. ఆ పరుగు గుర్తొస్తే కళ్ళు చెమ్మగిల్లేవి.

అవిటివాళ్ళకు రాజుగారు భత్యం ఇస్తున్నారని విని, ఆ డబ్బుతో తనను పైకి మోసే మనిషిని పెట్టుకుందామని దివానును అడిగాడు.

"జీతం తీసుకుంటూ అవిటి భత్యం కూడానా? పని చేస్తున్నావంటే నీకే లోటూ లేనట్టే!" అని కసిరాడు దివాను.

మర్నాడు ఓబులేసు మెట్టుమెట్టుకీ కూర్చుని, పాత రోజులు తలుచుకుంటూ తీరిగ్గా ఎక్కాడు. నగారా మోగేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఊరికి ప్రయాణమైన రాజుగారు, వెనక పల్లకీలో దివాను, అప్పటిదాకా తలుపుల దగ్గరే పడిగాపులు కాశారు.

"ఇంత ఆలస్యమా?" అని దివాను కిందినుంచి మండిపడ్డాడు.

"జీతం వాయించడానికే కదా సామీ! ఎక్కే కష్టానికి వేరే ఏమీ లేదన్నారు. మరి రెండు కాళ్ళూ బాగున్న తమకి, జీతం కాక ఆ పల్లకీ ఎందుకిచ్చినట్టు?"

రాజుగారు పకపకా నవ్వి, దివానును పల్లకీ దిగమన్నారు. మర్నాటినుంచి అందులోనే ఓబులేసు బురుజెక్కేవాడు.

ఆ ఊళ్ళో పొద్దు పల్లకీలో వచ్చేదని ముసలివాళ్ళు ఇప్పటికీ మురిసిపోతూ చెబుతారు.