పసుపు వైర్ల ఇంట్లో ఆరని బల్బు

అప్పలాచారి మాస్టారు మా ఊళ్ళో కుర్రాళ్ళకి ఇళ్ళ కరెంటు వైరింగు నేర్పుతారు. ఏది అడిగినా ఆయన నోటితో జవాబు చెప్పరు. చెప్పులు వేసుకుని బయల్దేరతారు. అడిగినవాడు వెనకాల నడవాలి. అందుకే ఎండాకాలంలో ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు.

నూకరాజు అడిగాడు. "మాస్టారూ, బల్బుకి రెండు వైర్లు. కరెంటు తెచ్చే ఫేజు ఒకటి, తిరిగి పట్టుకుపోయే న్యూట్రల్ ఒకటి. ఏది తెంచినా దీపం ఆరుతుంది. మరి స్విచ్చి ఫేజు మీదే పెట్టాలని ఎందుకంటారు?"

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

వెళ్ళింది కనకరత్నం గారింటికి. పోయినేడు ఆ ఇంటికి వైరింగు చేసింది నూకరాజే. గుమ్మం పక్కన కోడలు సునంద సంచి సర్ది ఉంది. సాయంత్రం బస్సుకి పుట్టింటికి పంపేస్తున్నారు. మళ్ళీ ఎప్పుడు తీసుకొస్తారో ఎవరూ చెప్పడం లేదు. కారణం ఊరందరికీ తెలుసు. ఆ పిల్ల కాపురానికొచ్చిన రోజు నుంచి మధ్యగదిలో బల్బు ఆపినా ఆరడం లేదు. గాలి సోకిందని కొందరన్నారు. పంతులుగారబ్బాయి డిగ్రీ చదివాడు కాబట్టి గాలి అనకుండా నెగెటివ్ ఎనర్జీ అన్నాడు. సునంద మొగుడు తల్లికీ ఎదురు చెప్పడు, పెళ్ళానికీ ఎదురు చెప్పడు. ఆ పూట పొలం వెళ్ళిపోయాడు.

"మీరే చూడండి మాస్టారూ," అని కనకరత్నం తలుపులు మూసి స్విచ్చి ఆపింది. చీకట్లో బల్బు మసగ్గా మిణుకుతూనే ఉంది. "పాత బల్బు ఉన్నన్నాళ్ళూ ఈ వింత లేదు. ఈవిడ గడప తొక్కింది, ఇది మొదలైంది."

"పెళ్ళికని ఈ ఎల్ఈడీ బల్బు మీ అబ్బాయే కొన్నారత్తయ్యా," అంది సునంద, గోడనే చూస్తూ. "నేను స్విచ్చి వేశానంతే."

"వేసే చేతిని బట్టి కూడా ఉంటుందమ్మా."

మాస్టారు స్విచ్చి ఆపే ఉంచి, బల్బు ఊడదీసి, హోల్డరులో టెస్టరు ఆనించారు. టెస్టరు వెలిగింది. బూజు దులిపే చెయ్యి ఏదైనా అక్కడ తగిలి ఉంటే ఏమయ్యేదో నూకరాజుకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఫేజుకి ఎరుపు, న్యూట్రల్‌కి నలుపు అని చెప్పాను కదరా."

"నలుపు కొననివ్వలేదు మాస్టారూ."

"కొత్తింట్లో గోడల నిండా నల్ల తీగలా?" అంది కనకరత్నం. "శుభమా అని అన్నీ పసుపే తెప్పించాను."

అన్నీ పసుపే కావడంతో నూకరాజు చేతికందిన వైరుకి స్విచ్చి పెట్టేశాడు. అది న్యూట్రల్. స్విచ్చి ఆపితే పోయే దారి తెగుతుంది గాని, వచ్చే కరెంటు బల్బు దాకా వస్తూనే ఉంటుంది. ఎక్కణ్ణించో కాస్త జారుతూనే ఉంటుంది. ఆ కాస్తకి పాత బల్బు వెలగదు, ఎల్ఈడీ వెలుగుతుంది.

మాస్టారు మెయిను ఆపి, స్విచ్చి ఫేజు మీదికి వచ్చేలా నూకరాజు చేతనే రెండు వైర్ల కొసలూ మార్పించారు. ఈసారి స్విచ్చి ఆపితే బల్బు పూర్తిగా ఆరింది. కనకరత్నం ఆ చీకట్లోకి చాలాసేపు చూసింది. ఆవిడకి కొంచెం నిరాశగానే ఉన్నట్టుంది.

"సరే, సంచి లోపల పెట్టుకో," అంది కోడలితో.

సునంద సంచి లోపల పెట్టుకుంది. విప్పలేదు.

తిరిగొస్తూ నూకరాజు, "తప్పు నాది మాస్టారూ. నా మూలంగా ఆ పిల్ల మాట పడింది. ఏదైతేనేం, కనకరత్నం గారి అనుమానం తీరిపోయింది," అన్నాడు.

"ఆవిడ ఇవాళ్టికి మాట ఆపింది," అన్నారు మాస్టారు. "ఏ వైరు దగ్గర ఆపిందో మనం టెస్టరు పెట్టి చూడలేదు."