పల్లపుదొడ్డికి వచ్చిన కొత్త కోడె

మనుషులకి ఎన్నికలెట్లాగో, నల్లవాగు ఒడ్డున ఉండే జంతువులకి బండలాగుడు అట్లాగ. ఏడాదికోసారి వస్తుంది, వచ్చిందంటే ఎవరికీ తిండి సయించదు. వాగుకి అటు మిట్టదొడ్డి, ఇటు పల్లపుదొడ్డి. మాఘం వెళ్ళి ఎండలు ముదిరేసరికి వాగంతా ఇసకైపోయి, నడిమధ్య ఒక్క మడుగు మిగిలేది. అందులో ముందు ఎవరు తాగాలన్న తగాదా తీర్చడానికి వెనకటి పెద్దలెవరో ఈ పోటీ పెట్టారు. రెండు దొడ్ల ఎడ్లజతలూ ఒకదాని తర్వాత ఒకటి ఇసకలో బండ లాగాలి. కొంగ ఒంటికాలి మీద నిలబడుతుంది. అది రెండో కాలు దించేలోగా ఎవరు ఎక్కువ దూరం లాగితే ఆ దొడ్డివాళ్ళు వేసవంతా ముందు తాగుతారు. ఓడినవాళ్ళు, గెలిచినవాళ్ళు తాగి, తొక్కి, పొర్లి పోయాక మిగిలిన బురద తాగుతారు.

పల్లపుదొడ్డి తొమ్మిదేళ్ళుగా బురదే తాగుతోంది.

ఆ తొమ్మిదేళ్ళూ కాడికి ఎడమవైపు, దాపట, లాగింది మైలయ్య. బూడిదరంగు ఎద్దు, నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కుడివైపు లాగిన బొల్లయ్య పోయిన కార్తీకంలో కన్నుమూశాడు. పోతూ పోతూ, "ఒక్క ఏడైనా తేట నీళ్ళు తాగి పోదామనుకున్నా మైలా" అన్నాడు. అప్పటినుంచీ మైలయ్యకి ఆ మాటే చెవిలో రొద. తన మోకాళ్ళు కూడా అరిగిపోయాయి. ఈ ఏడు లాగితే లాగినట్టు, వచ్చే ఏడు కాడి కిందికి మెడ వంచినా మోకాళ్ళు లేవవని అతనికి తెలుసు. ఈ ఒక్కసారి గెలవాలి. ఇంకేమీ అక్కర్లేదు.

అట్లాంటి సమయంలో ఒక పొద్దున నక్క వచ్చింది. ఈ దొడ్డి కబురు ఆ దొడ్డిలో, ఆ దొడ్డి కబురు ఈ దొడ్డిలో వేసి రెండుచోట్లా మర్యాదలు పొందే రకం అది.

"మైలయ్య మావా, ఇంకా కూర్చునే ఉన్నావా? కొండవతల మందలో ఒక కోడె ఉన్నాడు, నుదుట తెల్లచుక్క. పాలపళ్ళు ఊడలేదు గానీ, దారికడ్డం పడ్డ చింతమొద్దుని మెడతో నెట్టి పారేశాడట. మిట్టదొడ్డివాళ్ళు అప్పుడే కబురు పెట్టారు. ఆలస్యం చేశావో, అంతే సంగతులు."

"నువ్వు కళ్ళారా చూశావా అల్లుడూ?"

"చూసిన కాకి చెప్పింది."

"కాకి చూసిందా?"

"కాకికి చెప్పిన గద్ద చూసింది. పైనించి చూసింది, దానికి తెలీదూ?"

మామూలప్పుడైతే మైలయ్య నవ్వి ఊరుకునేవాడు. కానీ ఆశ అనేది చెవుల దగ్గర కాపలా పెట్టనివ్వదు. పక్కనే ఉన్న మేక నాంచారమ్మ అప్పటికే గంతులేస్తోంది. "మన దొడ్డి నక్కతోక తొక్కిందర్రా!" అని అరిచింది. నక్క చప్పున తోక ఒళ్ళోకి లాక్కుంది.

పల్లపుదొడ్డి కబురు పెట్టిన నాలుగు రోజులకి కోడె వచ్చాడు. పేరు చుక్కడు. నిజంగానే చూడముచ్చటగా ఉన్నాడు. దొడ్డంతా బారులు తీరి చూసింది. చుక్కడు ఒక్కసారి మెడ విదిలిస్తే, "చూశారా ఆ విదిలింపు!" అన్నారు. గడ్డి నమిలితే, "చూశారా ఆ నమలడం!" అన్నారు. పుంజు వీరాసామి పొద్దున్నే కొక్కొరొకో మానేసి చుక్కడి పేరు కూయడం మొదలెట్టాడు. మొదటిరోజు చుక్కడు బండ లాగుతాడన్నారు. వారం తిరిగేసరికి బండతోపాటు కొంగని కూడా లాగుతాడన్నారు. మడుగులో ముందుగా ఏ ఒడ్డున దిగాలో బాతులు కొట్లాడుకున్నాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

నక్క మళ్ళీ వచ్చి అందరినీ కూర్చోబెట్టి హితవు చెప్పింది.

"చూడండి, వజ్రంతో చింతగింజలు పగలగొడతామా? పోటీ దాకా ఈ పిల్లాడి మెడ మీద కాడి పెట్టొద్దు. లేత మెడ, కాయ కాస్తే బలం తగ్గుతుంది. తినిపించండి, పడుకోబెట్టండి, దిష్టి తీయండి. అంతే."

"మరి సాధన?" అన్నాడు మైలయ్య.

"పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది మావా. పువ్వుకెవరు సాధన నేర్పారు?"

దొడ్డంతా తల ఊపింది. కోళ్ళు తమ తవుడు తెచ్చి చుక్కడి ముందు పోశాయి. నాంచారమ్మ తన వాటా జొన్నచొప్ప ఇచ్చేసి, తను కంచె ముళ్ళు నమిలింది. మైలయ్యకి మాత్రం లోపల ఎక్కడో ఒక మాట కదిలింది. జత ఎడ్లు బండ లాగడం వట్టి బలం పని కాదు. దాపటెద్దు ముందొక బుస కొడుతుంది, అప్పుడు ఇద్దరూ పగ్గాలు బిగించాలి. రెండో బుసకి ఇద్దరూ ఒక్క అడుగు వేయాలి. ఈ బుసల లెక్క కుదరడానికి బొల్లయ్యకీ తనకీ ఒక వేసవి పట్టింది. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాడు. చుట్టూ వెలుగుతున్న మొహాలు చూసి మళ్ళీ మూసుకున్నాడు. ఏమో, ఇంత పేరు మోసినవాడికి ఇవన్నీ పుట్టుకతోనే వచ్చి ఉంటాయేమో అనుకున్నాడు. అట్లా అనుకోవడం అతనికి ఎంతో హాయిగా ఉంది.

చుక్కడు సాయంత్రాలు కొండవైపు తిరిగి నిలబడేవాడు. అక్కడ వాళ్ళమ్మ ఉంది. "గొప్పవాళ్ళంతా అంతే. లోపల ఎత్తులు వేసుకుంటున్నాడు" అని వీరాసామి అందరికీ చెప్పాడు. పాలపళ్ళ దూడ కొండవైపు ఎందుకు చూస్తుందో మైలయ్యకి తెలుసు. తెలిసీ వీరాసామి మాటే నమ్మాడు.

ఒకరోజు చుక్కడే దగ్గరికొచ్చాడు.

"తాతా, మనిద్దరం ఒకసారి కాడి కట్టుకుని చూద్దామా? నేనెప్పుడూ జతలో లాగలేదు. మొద్దు నెట్టింది నిజమే గానీ, అది సగం పుచ్చిపోయింది."

"నీకెందుకు నాయనా భయం?" అన్నాడు మైలయ్య. గొంతులో ప్రేమ పొంగిపోతోంది. "నువ్వు మాకు దేవుడిచ్చిన వరం. వెళ్ళి తవుడు తిని పడుకో. నువ్వు పక్కన నిలబడితే చాలు, మేం గెలిచినట్టే."

చుక్కడు ఇంకేదో అనబోయి, తల దించుకుని వెళ్ళిపోయాడు. వినయం కూడా ఎంత ఉందో అని మైలయ్య మురిసిపోయాడు.

పోటీ రోజు వచ్చింది. ఇసక తిన్నె మీద ఇసకేస్తే రాలనంత జనం. మిట్టదొడ్డి జత ముందు లాగింది. పాత జత, పాత పద్ధతి, ఏ ఆర్భాటమూ లేదు. కొంగ కాలు దించేసరికి బండ నలభై అడుగులు పోయింది.

తర్వాత వీళ్ళ వంతు. కోతి వచ్చి కాడి కట్టింది. కాడి మెడకి తగలగానే చుక్కడి ఒళ్ళు జలదరించడం మైలయ్యకి తెలిసింది. "తాతా, ఏం చేయాలి?" అని చుక్కడు గుసగుసగా అడిగాడు. అప్పుడు మైలయ్యకి బుసల లెక్క గుర్తొచ్చింది. ఇప్పుడు చెప్పడానికి టైమెక్కడిది? కొంగ అప్పటికే కాలు మడిచేసింది.

మైలయ్య మొదటి బుస కొట్టాడు.

"చుక్కా! లాగరా చుక్కా!" అని పల్లపుదొడ్డంతా ఒక్క గొంతుతో అరిచింది. ఆ అరుపుకి చుక్కడు ఎగిరి ముందుకు దూకాడు. మైలయ్య ఇంకా పగ్గం బిగిస్తూనే ఉన్నాడు. కాడి అడ్డంగా తిరిగింది. బండ పక్కకి ఒరిగి మూతి ఇసకలో పాతుకుంది. చుక్కడు బెదిరి మళ్ళీ దూకాడు, అది ఇంకా లోతుకి పోయింది.

"ఆగు నాయనా! నా ఊపిరి విను! రెండో బుసకి కదులు!" అని మైలయ్య రొప్పుతూ చెప్పాడు. నలభై రోజుల్లో అతను ఆ పిల్లాడికి నేర్పిన మొదటి ముక్క అది.

కాడి సర్దుకుంది. బుస, బిగింపు, బుస, అడుగు. బండ కదిలింది. ఆ లేతమెడలో ఉన్న బలం కాడి గుండా మైలయ్య భుజానికి తగిలింది. అబ్బ, ఏం బలం! తొమ్మిదేళ్ళలో ఎన్నడూ ఎరగని వేగంతో బండ వెనక వస్తోంది. ఇరవై అడుగులు, ముప్ఫై. గద్ద అబద్ధం చెప్పలేదని మైలయ్యకి అప్పుడు అర్థమైంది. ఇంకొక్క నాలుగు బుసలు కొంగ కాలు దించకుండా ఉంటే చాలని నల్లవాగులో ఉన్న దేవతలందరికీ మొక్కుకున్నాడు.

కొంగ కాలు దించింది. ముప్ఫై తొమ్మిది అడుగులు.

మిట్టదొడ్డివాళ్ళు ఊరేగింపుగా మడుగువైపు నడిచారు. అందరికన్నా ముందు, వాళ్ళతోపాటే నక్క. పోతూ పోతూ ఇటు తిరిగి, "ఏం మావా, చుక్క రాలిపోయిందా?" అంది.

పల్లపుదొడ్డి కోపమంతా చుక్కడి మీద పడింది.

"వీడికా నా తవుడు పోసింది!"

"వజ్రమట వజ్రం! గాజుపెంకు కూడా కాదు."

"ముళ్ళు తిన్నానర్రా నేను, వీడి కోసం ముళ్ళు తిన్నాను!" అని నాంచారమ్మ ఏడ్చింది.

కాడి విప్పగానే చుక్కడు కొండదారి పట్టాడు. పది అడుగులు వేశాడో లేదో, మైలయ్య కుంటుతూ వెళ్ళి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"మీరంతా ఇటు వినండి" అన్నాడు. ఎన్నడూ గొంతెత్తని ఎద్దు గొంతెత్తేసరికి అందరూ ఊరుకున్నారు. "ఈ పిల్లాడు తనకి రాదని నాతో చెప్పాడు. కాడి కట్టి చూద్దాం తాతా అని అడిగాడు. నేను వద్దన్నాను. నక్క నన్ను మోసం చేసిందనుకుంటే నాకు సుఖంగానే ఉంటుంది గానీ, అది నేను వినాలనుకున్న మాటే చెప్పింది. నలభై రోజులు ఈ పిల్లాడి మొహంలో నా గెలుపే చూసుకున్నాను. పిల్లాణ్ణి చూడలేదు."

వీరాసామి తల రెక్క కింద పెట్టుకున్నాడు.

చుక్కడు చాలాసేపు కాలితో ఇసక గీస్తూ నిలబడ్డాడు. "వచ్చే ఏడు మనం గెలుస్తాం కదా తాతా?" అన్నాడు చివరికి.

ఆ మాట ఎంత తియ్యగా ఉందో, అంత నొప్పి పెట్టింది. మైలయ్య మళ్ళీ అబద్ధం ఆడదల్చుకోలేదు.

"వచ్చే ఏడు నేనుండను నాయనా, నా మోకాళ్ళు అయిపోయాయి. నీ పక్కన ఇంకెవరో ఉంటారు. నువ్వు గెలుస్తావో లేదో కూడా నాకు తెలీదు. రేపు పొద్దున కాడి కడదాం, నడిచినంత దూరం నడుద్దాం. నా ఊపిరి ఉన్నన్నాళ్ళు బుసల లెక్క నేర్పుతాను. ముందు చెప్పు, మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది?"

దొడ్డికి వచ్చిన ఇన్నాళ్ళలో చుక్కడిని ఎవరైనా తన గురించి అడగడం అదే మొదలు. వాడు బావురుమన్నాడు.

నీతి: కొత్తవాడి మీద కొండంత ఆశ పెట్టుకునేవాడు, వాడికి మొదటి అడుగు నేర్పే ఓపిక కూడా పెట్టాలి.