మొగలిదిబ్బ రేవు దాటిన ఖాళీ తెప్ప

తీగమడ అని ఒక అడవి. నది వచ్చి సముద్రంలో కలిసే చోట, బురదలోంచి వేళ్ళు పైకి పెట్టి ఊపిరి పీల్చుకునే మడచెట్ల అడవి అది. అక్కడ చెంగల్రావు అనే కోతి, నూకాలు అనే నక్క, సూరయ్య అనే ముళ్ళపంది, మందరం తాత అనే ముసలి తాబేలు ఉండేవారు.

అడవికి ఎదురుగా సముద్రంలో చిన్నచిన్న లంకలు ఉండేవి. లంక అంటే తెలుసుగా పిల్లలూ, చుట్టూ నీళ్ళు, మధ్యలో నేల. ఏటా చలి తగ్గి సముద్రం నెమ్మదించగానే ఈ నలుగురూ లంకలు చూడటానికి బయలుదేరేవారు. ఎండు దుంగలు తీగలతో బిగించి తెప్ప కట్టుకునేవారు. తెప్పకు పొడుగాటి తీగ ఒకటి ముడివేసి, రెండో కొసను మందరం తాత డిప్పకు చుట్టేవారు. తాత ముందు ఈదుతుంటే తెప్ప వెనకాలే నడిచేది.

మొదట రేగులంక. తర్వాత తేనెలంక. ఆ తర్వాత గవ్వలదిబ్బ. ఇంటికి తిరిగి వచ్చే దారిలో చివరి రేవు మొగలిదిబ్బ.

ఏ లంక వదిలి వస్తున్నా వాళ్ళు "వెళ్తాం" అనేవారు కాదు. "వెళ్ళొస్తాం" అనేవారు. ఆ మాట అన్నారంటే మళ్ళీ ఏడు వస్తామని లంకల వాళ్ళు నమ్మేవారు. నమ్మి ఎదురుచూసేవారు.

ఆ ఏడు రేగులంకలో ఆలస్యమైంది. అక్కడి కోతులు చెంగల్రావును పెద్ద రాయి మీద కూర్చోబెట్టి, "నువ్వు లేకపోతే ఈ తెప్ప కదులుతుందా, దొరా!" అన్నాయి. అంతే, చెంగల్రావుకు ఆ రాయి దిగబుద్ధి కాలేదు. రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అంటూ కూర్చున్నాడు.

ఒక పొద్దున మందరం తాత మెడ చాచి గాలి వాసన చూశాడు.

"పడమటి గాలి దగ్గరపడింది. అది మొదలైతే తెప్పను నడిసముద్రంలోకి తోసేస్తుంది. ఇక అన్ని రేవులూ దిగలేం. ఒకటి వదులుకోవాలి. ఏది వదులుదామో మీరే చెప్పండి" అన్నాడు.

"తేనెలంక వదలడానికి వీల్లేదు" అన్నాడు చెంగల్రావు వెంటనే.

"గవ్వలదిబ్బ వదిలితే నేను రానే రాను. అక్కడి పీతల రుచి నీకేం తెలుసు!" అంది నూకాలు.

సూరయ్య మెల్లగా అన్నాడు. "మరి మొగలిదిబ్బ?"

"అక్కడేముందోయ్?" అన్నాడు చెంగల్రావు. "ఇసుక. మొగలిపొదలు. ఈరమ్మవ్వ నడుంనొప్పి కబుర్లు. పండు లేదు, తేనె లేదు, పీత లేదు. దిగడం దేనికి, ఎక్కడం దేనికి?"

ఈరమ్మవ్వ ఒక ముసలి నీటికుక్క. నీటికుక్క కుక్క కాదు, పిల్లలూ. నీళ్ళలో చేపలా ఈదే మీసాల జంతువు. మొగలిదిబ్బ మీద అవ్వ ఒక్కతే ఉండేది. కళ్ళు మసకబారాయి. ఏటా వీళ్ళు వచ్చే వేళకు ఇసుకలో చెలమలు తవ్వి ఉంచేది. చుట్టూ ఉప్పునీళ్ళే ఉన్నా, చెలమలో తియ్యటి నీళ్ళు ఊరేవి.

"నీళ్ళదేముంది? సొరబుర్రల్లో నింపుకుంటే సరి" అంది నూకాలు.

మందరం తాత అన్నాడు.

"సరే, దిగొద్దు. కానీ మన దారి ఆ దిబ్బ పక్కనుంచే. ఒడ్డుకు దగ్గరగా వెళ్ళి, 'అవ్వా, ఈ ఏడు దిగలేం, గాలి తరుముతోంది' అని చెప్పి పోదాం. ఎంతసేపు పడుతుంది?"

"అమ్మో! చెబితే ఊరుకుంటుందా?" అన్నాడు చెంగల్రావు. "కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఒక్క గుక్క తాగి పొండిరా అంటుంది. ఆ గుక్కతో పొద్దు గుంకుతుంది. అంత రభస ఎందుకు? కొమ్మలు కప్పుకుని పడుకుందాం. నువ్వు నీళ్ళ అడుగున ఈదు. అవ్వకు కళ్ళు ఆనవు. ఏదో దుంగ కొట్టుకుపోతోంది అనుకుంటుంది."

తాత ఏమీ అనలేదు. అనాల్సింది. అనలేదు.

తేనెలంకలో చెంగల్రావు కడుపునిండా తేనె తిని, ఒక పట్టు తెప్ప మీద దాచుకున్నాడు. గవ్వలదిబ్బలో నూకాలు పీతలు తిని తిని కదలలేకపోయింది. బయలుదేరేటప్పుడు అందరూ కలిసి గుబురైన కానుగ కొమ్మలు విరిచి తెప్ప మీద వేసుకున్నారు.

మొగలిదిబ్బ కనబడగానే చెంగల్రావు చెయ్యి ఊపాడు. తాత మునిగాడు. ముగ్గురూ బోర్లా పడుకుని కొమ్మలు కప్పుకున్నారు.

"సూరయ్యా, నీ ముళ్ళు దించవయ్యా. కొమ్మలన్నీ లేస్తున్నాయి!" అని గుసగుసలాడాడు చెంగల్రావు.

"భయమేస్తే అవే లేస్తాయి. నేనేం చెయ్యను? ముందు నీ తోక లోపల పెట్టు."

నూకాలుకు నవ్వు ఆగలేదు. చెంగల్రావు దాని మూతి నొక్కిపట్టాడు. అప్పటికి వాళ్ళకది ఆటలాగే ఉంది.

ఇంతలో ఒడ్డునుంచి కేక వినబడింది.

"వచ్చార్రా! నాకు తెలుసు వస్తారని! ఒరే చెంగలూ! ఒసే నూకాలూ! సూరయ్య వచ్చాడా?"

ఎవరూ పలకలేదు. తెప్ప సాగిపోతోంది.

"ఇటు, ఇటు! రేవు ఇటుంది!" అంది అవ్వ. తర్వాత గొంతు మారింది. "ఏంటిది? తెప్ప మీద ఎవరూ లేరే!"

అవ్వకు కళ్ళు ఆనవన్నది నిజమే. కానీ ఏటా చూసే తెప్పను ఆమె దుంగ అనుకోలేదు. తెప్పను గుర్తుపట్టింది. దాని మీద తనవాళ్ళు లేరనుకుంది.

"అయ్యో! పిల్లలు నీళ్ళలో పడిపోయారు! చెంగలూ! ఒరే చెంగలూ! ఎక్కడున్నార్రా!"

ఆ ఏడుపుకు కొమ్మల కింద ముగ్గురికీ నవ్వు పోయింది.

నీళ్ళలో దభీమని చప్పుడైంది. అవ్వ దూకేసింది. ఆ దిబ్బ పక్కన నదినీళ్ళూ సముద్రపునీళ్ళూ ఢీకొని సుళ్ళు తిరుగుతాయి. వయసులో ఉన్న నీటికుక్కలు కూడా అక్కడ దిగవు. అవ్వ ఈదుకుంటూ వచ్చి, తెప్పకు వేలాడుతున్న తీగముక్క ఒకటి పళ్ళతో పట్టుకుంది. దిబ్బ వైపు లాగసాగింది. మధ్యమధ్య తీగ వదిలి రొప్పుతూ తనలో తను మాట్లాడుకుంటోంది.

"తెప్ప పోకూడదు... ఎక్కడో ఈదుతూ ఉంటారు... తెప్ప కూడా పోతే దేన్ని పట్టుకుంటారు నా తల్లులు..."

నీళ్ళ అడుగున మందరం తాతకు ఇదంతా తెలియదు. తెప్ప బరువెక్కినట్టయింది. సుడి లాగుతోంది అనుకుని ఇంకా బలంగా ఈదాడు. తాత అటు లాగుతున్నాడు, అవ్వ ఇటు లాగుతోంది.

"చెంగలన్నా, లేద్దామా?" అంది నూకాలు.

"ఇప్పుడు లేస్తే ఏమని చెబుతాం?" అన్నాడు చెంగల్రావు.

ఆ మాట నిజమే. మొదటి కేకకే లేచి ఉంటే నవ్వేసి సర్దుకోవచ్చు. రెండో కేకకు లేచి ఉంటే చిన్న అబద్ధంతో పోయేది. ఇప్పుడు లేవాలంటే అవ్వ ముఖం చూడాలి. ఆగినకొద్దీ లేవడం కష్టమైపోతోంది.

"ఇంకొంచెం ఆగుదాం. అలిసిపోయి తనే వెళ్ళిపోతుంది" అన్నాడు చెంగల్రావు.

అన్న తర్వాత ఆ మాట అతనికే వినబడింది. చెవులు వేడెక్కాయి. అయినా లేవలేదు.

అంతలో అవ్వ రొప్పు ఆగిపోయింది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అవ్వా!"

లేచింది సూరయ్య. అందరికంటే పిరికివాడు సూరయ్యే. ముళ్ళకు కానుగ కొమ్మలు గుచ్చుకుని, నడిచే పొదలా ఉన్నాడు. "అవ్వా, ఉన్నాం! ఇక్కడే ఉన్నాం!" అని అరుస్తూ, తాత డిప్పకు చుట్టిన తీగను పట్టుకుని గుంజాడు. తాత పైకి తేలాడు. సూరయ్య చూపించిన వైపు మునిగాడు. కాసేపటికి అవ్వను డిప్ప మీద వేసుకుని వచ్చాడు. తెగిపోయిన తీగముక్క ఇంకా ఆమె పళ్ళ మధ్యే ఉంది.

తెప్పను రేవుకు చేర్చి, దిబ్బ మీద పడుకోబెట్టాక అవ్వ దగ్గి, నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచింది. చేత్తో ముఖాలు తడిమింది.

"ముళ్ళు... సూరయ్యా, నువ్వేనా? బతికావు నాయనా. ఈ మూతి నూకాలుది. మందరం, నువ్వూ ఉన్నావా? మరి చెంగలు ఏడీ?"

ముగ్గురూ తెప్ప వైపు చూశారు. చెంగల్రావు ఇంకా తెప్ప మీద కొమ్మల కిందే ఉన్నాడు.

"వాడు పోయాడా? వాడికి ఈత కూడా సరిగ్గా రాదు!" అంటూ అవ్వ లేచింది. తూలుతూ మళ్ళీ నీళ్ళ వైపు నడిచింది.

అప్పుడిక చెంగల్రావు లేవక తప్పలేదు. నెత్తిన ఆకులు, మూతికి తేనె. తెప్ప దిగి ఇసుకలో నిలబడ్డాడు.

"ఇక్కడున్నానవ్వా. నిద్ర పట్టేసి..."

"అందరికీనా?" అంది అవ్వ. చెయ్యి చాచి అతని తల మీది ఆకు తీసి, వేళ్ళతో నలిపి వాసన చూసింది. "కానుగాకు. కప్పుకుని పడుకున్నారా?"

చెంగల్రావు తల దించుకున్నాడు.

అవ్వకు అర్థమైంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని అందరికీ అనిపించింది.

"దిబ్బ మీద ఏమీ ఉండదు కదా. మీరు మాత్రం ఏం చేస్తారు" అంది. "ఒక్క కేక వేసి ఉంటే, చెయ్యి ఊపి పంపేదాన్ని కదరా."

మందరం తాత ముందుకు జరిగాడు. "ఈరమ్మా, నాకు ముందే తెలుసు. తప్పని తెలిసే ఊరుకున్నాను."



అవ్వ వాళ్ళను లోపలికి తీసుకెళ్ళింది. మొగలిపొద నీడలో వాళ్ళ కోసం ముందే తవ్వి ఉంచిన చెలమలు ఉన్నాయి. సూరయ్య మెడ వంగదని అతని చెలమ గట్టు పల్లంగా చేసింది. చెంగల్రావు కూర్చోవడానికి రాయి వేసింది. నూకాలుకు పక్కనే చల్లటి నీడ. తాతకు వెడల్పాటి గుంట. ఒక్కో చెలమ దగ్గర కడిగిన ఆల్చిప్ప.

వాళ్ళ సొరబుర్రలు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. దాహంతో నాలుకలు పిడచగట్టుకుపోతున్నాయి. అయినా అవ్వ "తాగండర్రా" అన్నాక కూడా ఎవరూ ముందు వంగలేదు. చివరికి వంగి తాగారు. నీళ్ళు ఎంతో తియ్యగా ఉన్నాయి.

ఆ సాయంత్రమే పడమటి గాలి మొదలైంది. తెప్ప కదిలే వీలు లేకపోయింది. ఏ రేవు వద్దనుకున్నారో, ఆ రేవులోనే అన్నిటికంటే ఎక్కువ రోజులు ఉండాల్సి వచ్చింది. ఆ రోజుల్లో అవ్వ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నడుంనొప్పి కబుర్లే చెప్పింది. అందరూ విన్నారు.

చెంగల్రావు దాచుకున్న తేనెపట్టు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె కొంచెం నాకి, మిగతాది అందరికీ పంచింది. అతను ఉండబట్టలేక, "అవ్వా, నన్ను తిట్టు" అన్నాడు.

"తిడితే నీకు తేలికవుతుంది. నాకు మాత్రం నడుం నొప్పి తగ్గదు" అంది అవ్వ. "గాలికి చెలమలు పూడిపోయాయి చూడు. ఇసుక తియ్యి."

గాలి ఆగేదాకా రోజూ పొద్దున్నే చెంగల్రావు ఇసుక తీశాడు. ఆయాసపడ్డాడు. గోళ్ళు అరిగాయి. ఏటా ఈ పని ఒంటరిగా, ఆ నడుంతో ఎవరు చేశారో అప్పుడు తెలిసింది. రాయి మీద కూర్చోబెట్టి "దొరా" అన్నవాళ్ళు అతనికి ఒక్క గుక్క నీళ్ళు కూడా తోడి ఇవ్వలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

గాలి తగ్గాక బయలుదేరారు. రేవులో నిలబడి నూకాలు, సూరయ్య, తాత "వెళ్ళొస్తాం అవ్వా" అన్నారు. చెంగల్రావు నోరు తెరిచాడు. ఆ మాట రాలేదు. దాని విలువ ఎంతో ఇప్పుడే తెలిసింది మరి.

"వెళ్ళి రా, చెంగలూ" అంది అవ్వే.

చెంగల్రావు తెప్ప మీద ఉన్న కానుగ కొమ్మలన్నీ నీళ్ళలోకి విసిరేశాడు. ఎత్తైన దుంగ ఎక్కి నిలబడ్డాడు. నూకాలు నిలబడింది. సూరయ్య ముళ్ళన్నీ పైకి లేపి నిలబడ్డాడు. తాత నీళ్ళమీదే ఈదాడు. ఎండ మాడుస్తున్నా, మొగలిదిబ్బ సన్నటి గీతలా మారినా ఎవరూ కూర్చోలేదు. అవ్వకు కళ్ళు ఆనవు. అయినా, ఆమె చూస్తున్నంతసేపూ తెప్ప ఖాళీగా కనబడకూడదు.

నీతి: రాలేకపోతే రాలేమని ఎదురుగా చెప్పాలి. ముఖం చాటేసి దాక్కున్నవాళ్ళు, తమ కోసం ఏడ్చేవాళ్ళ ఏడుపు వింటూ సిగ్గుతో పడి ఉండాల్సి వస్తుంది.