పొన్ని పాటలో తాబేలు నడక

మీరొక బొమ్మ గీశారనుకోండి. ఒక ఇల్లు, ఒక కొండ, మూలన ఒక కుంటి మేక. "బొమ్మ భలే ఉంది, గోడకు తగిలిస్తాను. ఆ మేకను మాత్రం చెరిపెయ్" అన్నారెవరో. చెరిపేస్తారా? తొందరపడకు భరణీ, చెయ్యి దించు. ముందు కథ విను. హాసినీ, నువ్వూ ఇటు జరుగు. ఈ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చెప్తాను.

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున రేగుపొదలో, పొన్ని అనే పిగిలిపిట్ట ఉండేది. నెత్తిన నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ. మన కరివేపాకు చెట్టు మీద వాలుతుందే, ఆ పిట్టే.

పొన్ని తన పాటలు తనే కట్టుకునేది. ఎలాగంటారా? పొద్దున్నే బయల్దేరి అడవిలో చప్పుళ్లు ఏరుకొచ్చేది. గూటికి పుల్లలు అల్లినట్టు వాటిని అల్లేది. దానికో అలవాటుంది. పాట పూర్తయ్యాక, ఎవరి చప్పుడు తీసుకుందో ముందు వాళ్లకే వినిపించేది. "నీ చప్పుడు సరిగ్గా పట్టానా?" అని అడిగేది. వాళ్లు ఊఁ అన్నాకే మిగతావాళ్లకు.

ఆ ఏడు ఎండాకాలమంతా ఒక్క పాటే కట్టింది. అందులో మూడు చప్పుళ్లు. వడ్రంగిపిట్ట టకటక, వాగు గలగల, ఆ రెంటి మధ్యలో ముసలి తాబేలు ఎండుటాకుల మీద నడిచే చప్పుడు. "గర... గర..." తర్వాత కాసేపు ఏమీ ఉండదు. తాబేలు ఆయాసం తీర్చుకుంటోందన్నమాట. మళ్లీ "గర..."

వడ్రంగిపిట్ట పాట విని తలూపింది. వాగు వినీ విననట్టు పారుతూ పోయింది. ఇక మిగిలింది తాబేలు.

"తాతా, రేపు పొద్దున నీకు వినిపిస్తాను. ఇక్కడే ఉంటావుగా?" అంది పొన్ని.

"ఎక్కడికి పోతానే అమ్మా! ఇప్పుడు బయల్దేరినా రేపటికి ఆ పుట్ట దాటను" అంది తాబేలు.

వడ్రంగిపిట్టకు పాడినప్పుడు ఆ పాట చాటుగా విని, ఆ సాయంత్రమే నెమలి వచ్చింది. అడవి నడుమ దానికో ఎత్తైన బండ ఉంది. రోజూ సాయంత్రం జంతువులన్నీ ఆ బండ ఎక్కి పాటలు వింటాయి.

"ఈ ముళ్లపొదలో ఎన్నాళ్లు పాడతావు? నా బండ మీదికి రా. అడవంతా వింటుంది. నీకు మేడిపండ్లు నేను తెప్పిస్తాను. కానీ మూడు మాటలు. ఒకటి, రేపు బండ మీద పాడేదాకా ఎవరికీ వినిపించకూడదు. రెండు, మధ్యలో ఆ నత్తనడక తీసెయ్యాలి, అక్కడ ఆవలింత వస్తోంది. మూడు, ఆ పాట ఇంకెక్కడా పాడకూడదు" అంది నెమలి.

"తాబేలు తాతకు మాటిచ్చాను దొరా! ఆయన బండ ఎక్కలేడు" అంది పొన్ని.

"అది బండ తప్పా, నా తప్పా?" అంది నెమలి.

పొన్ని ఆలోచించింది. అడవంతా వింటుంది! ఎన్నాళ్ల కోరికో అది. సరేనంది.

మర్నాడు బండ మీద టకటక, గలగల మోగిపోయాయి. కోతులు గంతులేశాయి. "మళ్లీ! మళ్లీ!" అని అరిచాయి. రోజూ అదే సంబరం.

పొద్దున్నే మాత్రం రేగుపొద కింద తాబేలు వచ్చి కూర్చునేది. మొదటి రోజు పొన్ని "రేపు తాతా" అంది. రెండో రోజు "గొంతు బొంగురుపోయింది తాతా" అంది.

మూడో రోజు తాబేలు అంది: "పాటంతా వద్దులేవే. నా ముక్క ఒక్కటీ మెల్లిగా పాడు. నా నడక చూసి నవ్వినవాళ్లే అందరూ. దాని మీద పాట కట్టింది నువ్వొక్కదానివే. ఎలా ఉంటుందో వినాలనుంది."

పొన్ని మనసు కరిగింది. నోరు తెరిచింది. టకటక వచ్చింది. వెంటనే గలగల వచ్చేసింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అంతే. మధ్యలో ఉండాల్సింది పూడిపోయింది.

"మర్చిపోయాను తాతా. నెమలి తీసెయ్యమంటే తీసేశాను. నీకు అబద్ధాలు చెప్పాను" అంది పొన్ని, తల దించుకుని.

తాబేలు మెడ డొప్పలోకి లాక్కుంది. తర్వాత మెడ బయటికి చాపింది.

"మర్చిపోతే ఏముంది, మళ్లీ నడుస్తాను. విను."

అది నడిచింది. పొన్ని పక్కనే గెంతుతూ విన్నది. మొదటిసారి పట్టలేకపోయింది. రెండోసారీ పట్టలేకపోయింది. మూడోసారి తెలిసింది. తను మర్చిపోయింది గరగరను కాదు, ఆ గరగర ఆగే చోటును.

పొన్ని పాడింది.

"ఇంకాస్త ఆగాలే. నాకంత తొందరగా ఆయాసం తీరదు" అంది తాబేలు. పొన్ని ఇంకాస్త ఆగి పాడింది. తాబేలు కళ్లు మూసుకుంది. "ఆఁ, ఇప్పుడు సరిగ్గా పట్టావు" అంది.

పొన్ని నేరుగా నెమలి దగ్గరికి వెళ్లింది.

"దొరా, నా పాట నేను ముక్క తియ్యకుండా పాడుకుంటాను, ఎక్కడైనా పాడుకుంటాను."

"మాట తప్పుతున్నావు!"

"తప్పుతున్నాను. అసలు ఆ మాట ఇవ్వడమే తప్పు."

"బండ దిగితే నిన్ను వినేదెవరు?"

"వచ్చినవాళ్లే వింటారు" అంది పొన్ని.

ఎవరొచ్చారనుకున్నారు? తాబేలు, ఒక ముంగిస, ఒక కుందేలు. కుందేలు సగంలోనే నిద్రపోయింది. మేడిపండ్లు లేవు. కొన్నాళ్లు చిన్నాచితకా పురుగులతోనే సరిపెట్టుకుంది పొన్ని.

కానీ ముంగిస దారంతా ఆ పాటే కూనిరాగం తీసింది. దాని నోట ఉడత నేర్చుకుంది.

"ఆ ఉడత నా నడకను పరుగు చేసేసిందే!" అని తాబేలు గొడవ పెట్టింది.

"పాడుకోనీ తాతా. దాని కాళ్లు దానివి. నీ నడక వినాలంటే ఇక్కడికే వస్తుంది" అని నవ్వింది పొన్ని.

నిజంగానే వచ్చింది. నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది.

వానలు వెళ్లి ఆకులు రాలే రోజులొచ్చాయి. ఒక సాయంత్రం నెమలి తన బండ దిగి రేగుపొద పక్కగా వెళ్తోంది. చుట్టూ ఎవరూ లేరనుకుని ఎండుటాకుల మీద అడుగు వేసింది. "గర... గర..." ఆగింది. సరిగ్గా తాబేలు ఆగినంతసేపు ఆగింది. మళ్లీ "గర..."

పొదలోంచి పొన్ని చూసింది.

ఇప్పుడు చెప్పు భరణీ, మేకను చెరిపేస్తావా? ఆలోచిస్తున్నావా? మంచిది, ఆలోచించు. నేను లేస్తాను. ఎసరు మరుగుతోంది, ఈ చిక్కుడుకాయలు ఇంకా సగం అలాగే ఉన్నాయి. నీతి మాత్రం మీ పుస్తకాల్లో రాసుకోండి, వచ్చి చూస్తాను.

నీతి: నీ పాటను పదిమందికీ పంచు, కానీ ఎవరి వల్ల ఆ పాట పుట్టిందో వాళ్లను అందులోంచి తీసెయ్యకు.