చైను సందులో పడిన సాకెట్

ఓబులేసు బాధల్లా ఒక్కటే. ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో కార్లున్న వాళ్లంతా అతన్ని మెచ్చుకుంటారు. ఉస్తాద్ దస్తగిరి సాయిబు మాత్రం ఏనాడూ ఒక్క మంచి మాట అనడు.

బండ్లు బాగుచేసే ఆ షెడ్డు ఉస్తాద్‌దే అయినా, బండి తెచ్చినవాళ్లు ముందు ఓబులేసునే అడుగుతున్నారు. అతని చేతికి అంత వేగం ఉంది. మీసం రాని వయసులో ఆ షెడ్డుకొచ్చినవాడికి ఇప్పుడు పెళ్లయింది, ఇద్దరు బిడ్డలు. బైపాసు దగ్గర ఒక జాగా కూడా చూసుకున్నాడు. ఉస్తాద్ సరేనంటే సొంతంగా షెడ్డు వేసుకోవాలని.

"ఉస్తాద్, నా సంగతి ఏం చేసినారు?" అని అడిగినప్పుడల్లా ఆయన, "చూద్దాంలే నాయనా" అనేవాడు. కాదనడు, అవుననడు.

ఆ పొద్దున చెన్నకేశవులు టాక్సీ వచ్చింది. ఇంజన్ కటకటమంటోంది. మధ్యాహ్నం లోపల బాగుచేసి ఇవ్వాలి. టైలరు సుబ్బరత్నమ్మను కడప ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆమెకు కిడ్నీలు పనిచెయ్యవు. రక్తం శుభ్రం చేయించుకోవడానికి వారానికి రెండుసార్లు అతని టాక్సీలోనే పోయి వస్తుంది.

"ఇదెంత పని!" అన్నాడు ఓబులేసు.

ఇంజన్ పైమూత విప్పి వాల్వులు సరిచేయడం మొదలుపెట్టాడు. తన లారీ కోసం వచ్చి కూర్చున్న ఒకాయన అది చూసి, "ఓబులేసు కండ్లు మూసుకోని కూడా ఇంజన్ ఇప్పుతాడబ్బా!" అన్నాడు.

ఓబులేసుకు హుషారొచ్చింది. తల ఆయన వైపు తిప్పి, నవ్వుతూ, చూడకుండానే బోల్టు బిగించబోయాడు. పానా కొసన, బోల్టు తలకు తొడిగే చిన్న సాకెట్ ఊడింది.

టింగుమంది. ఆపైన టక్కుమంది. తర్వాత చప్పుడు లేదు.

ఓబులేసు నవ్వు ఆగిపోయింది. సాకెట్ పడింది ఇంజన్ ముందువైపు, వాల్వులను ఆడించే చైను కిందికి దిగే సందులో. లైటు వేసి చూశాడు. నల్లటి నూనె తప్ప ఏమీ కనబడలేదు. పక్క షాపుకు పరిగెత్తి అయస్కాంతం తెచ్చాడు. తీగకు కట్టి లోపలికి వదిలితే అది చుట్టూ ఉన్న ఇనుముకు అంటుకుంటోంది గానీ కిందికి దిగడం లేదు. చొక్కా చెమటతో తడిసి వీపుకు అతుక్కుంది.

లారీ ఆయన ఎప్పుడో వెళ్లిపోయాడు. ఉస్తాద్ షెడ్డు వెనక ఏదో గేరుబాక్సు ముందు కూర్చుని ఉన్నాడు. ఎవరూ చూడలేదు.

'అడుగున నూనె చాంబర్లోకి జారిపోయుంటుంది' అనుకున్నాడు ఓబులేసు. 'అక్కడుంటే దాని మానాన అది పడుంటుంది. సాయంత్రం బండి తిరిగొచ్చినాక నిదానంగా తీయొచ్చు.'

చాంబర్లోకి జారకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. చైను పళ్ల మధ్య ఇరుక్కుంటే చైను తెగుతుంది, బండి నడిరోడ్డు మీద నిలిచిపోతుంది.

తెలిసే పైమూత పెట్టాడు. తెలిసే బోల్టులు బిగించాడు.

చెన్నకేశవులు సుబ్బరత్నమ్మను ఆటోలో తీసుకొచ్చాడు. ఆమె నీడలో బెంచీ మీద కూర్చుంది. ముఖం ఉబ్బి ఉంది, కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు. ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని ఓబులేసును చూసి నవ్వింది.

"తొందరేం లేదు నాయనా. బాగా చూసి ఇయ్యి. ఈ బండి ఉండబట్టే నేనుండా."

ఓబులేసు తల వంచుకుని చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడిచాడు.

చెన్నకేశవులు సీట్లో కూర్చుని తాళం పెట్టాడు.

"ఆగన్నా!"

ఆ కేకకు ఓబులేసే ఉలిక్కిపడ్డాడు. "తిప్పొద్దు. లోపల సాకెట్ పడింది. నేనే పడేసినా. చెప్పకుండా మూత బిగించినా."

చెన్నకేశవులు దిగాడు. కోపంతో తలుపు విసురుగా వేశాడు. సుబ్బరత్నమ్మ వైపు చూశాడు, ఓబులేసు వైపు చూశాడు. అంతలో దస్తగిరి సాయిబు వెనక నుంచి నడిచి వచ్చాడు. జేబులోంచి తన జీపు తాళం తీసి చెన్నకేశవులు చేతిలో పెట్టాడు.

"అమ్మను తీస్కపో. గుంతల్లో నిదానంగా పోనీ."

జీపు కదిలింది. షెడ్డులో ఇద్దరే మిగిలారు. తిడతాడని ఓబులేసు ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది.

"మూత తీయి" అన్నాడు ఉస్తాద్.

తీశాడు. ఉస్తాద్ తన పెట్టెలోంచి అదే సైజు సాకెట్ వెతికి తెచ్చి, దానికి గట్టి దారం కట్టి, ఓబులేసు చేతికిచ్చాడు.

"ఇప్పుడు దీన్ని పడెయ్యి."

"ఇంకొకటా ఉస్తాద్?"

"పడింది యాడికి పోయిందో పడేదే చెప్పాల. నువ్వు చెప్పలేవు, నేను చెప్పలేను."

ఓబులేసు వంగి, సందుకు సరిగ్గా గురి చూసి, జాగ్రత్తగా వదిలాడు. సాకెట్ చప్పుడు లేకుండా నేరుగా కిందికి దిగిపోయింది. ఉస్తాద్ దారం పట్టుకుని పైకి లాగేశాడు.

"అట్ల కాదు. అప్పుడు ఇంత బాగా చూస్తాంటివా? తల పక్కకు తిప్పు."

ఓబులేసు తిప్పాడు.

"నవ్వు."

"ఉస్తాద్..."

"అప్పుడు నవ్వుతాంటివి గదా. నవ్వినప్పుడు చెయ్యి వేరేగా కదుల్తాది. నవ్వు నాయనా."

ఓబులేసు నవ్వబోయాడు. పెదాలు కదిలాయి గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉస్తాద్ ఆ ముఖం వైపు చూడలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఓబులేసు వేళ్లు వదులయ్యాయి.

టింగుమంది. ఆపైన టక్కుమంది.

"అదీ!" అన్నాడు ఉస్తాద్. కళ్లు తెరవలేదు.

దారం కిందిదాకా పోలేదు. నడిమధ్యన, చైను పక్కనుండే పట్టీ వెనక్కి వంగి ఆగింది. ఉస్తాద్ సైకిల్ చక్రం పుల్ల ఒకటి తీసుకుని కొసను కొక్కెంలా వంచాడు. దారం వెంబడే దాన్ని లోపలికి దించాడు. కుడిచేతి రెండు వేళ్లే కదులుతున్నాయి. ముఖంలో తొందర లేదు, పట్టుదల కూడా లేదు. నిద్రపోయే పసిబిడ్డ కింద నుంచి దుప్పటి లాగే తల్లి చెయ్యిలా ఉంది ఆ చెయ్యి. ఇన్నేళ్లుగా రోజూ చూస్తున్న చెయ్యే. ఓబులేసు దాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తను చేతికి వేగం నేర్పాడు. ఆ చెయ్యి వినడం నేర్చుకుంది.

పుల్ల పైకొచ్చింది. కొక్కేనికి సాకెట్ వేలాడుతోంది, నూనె కారుతూ. దారానికున్న సాకెట్ దాని వెనకాలే వచ్చింది.

ఉస్తాద్ రెండింటినీ తుడిచి బానెట్ అంచున పక్కపక్కన పెట్టాడు. ఓబులేసు వాటిని ఒకసారి చూసి, పైమూత పెట్టి ఒక్కో బోల్టూ చూసుకుంటూ బిగించాడు. తర్వాత సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

చప్పుడే లేదు. మళ్లీ తిప్పాడు. మీటరు లైటు కూడా వెలగలేదు.

దిగి వచ్చి చూశాడు. బాటరీ మీద ఒక పాత గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీస్తే, వైరు ఊడదీసి పక్కకు మడిచి ఉంది.

ఓబులేసు గుడ్డను చేతిలోనే పట్టుకుని ఆ వైరు వైపు చూశాడు. తను అయస్కాంతం కోసం పక్క షాపుకు పరిగెత్తినప్పుడే అయ్యుండాలి. షెడ్డు వెనక కూర్చున్న మనిషి ఆ టింగుమన్న చప్పుడు విన్నాడు. విని, లేచి వచ్చి, ఈ పని చేసి, ఏమీ అనకుండా పోయి కూర్చున్నాడు.

"ఉస్తాద్, నేను చెప్పకపోయింటే?"

"బాటరీ పోయిందని చెప్పి ఆయమ్మను నా జీపులోనే పంపింటా."

"మరి నన్ను?"

దస్తగిరి సాయిబు వంగి, వైరును దాని చోట పెట్టి బిగించాడు.

"బైపాసుకు పంపకుండా, నిన్నింకా కొన్నాళ్లు నా దగ్గరే పెట్టుకునింటా."